ఏ రంగు కావాలో అడిగారా?

భోగి వస్తోందనగా చెన్నై పెరంబూరులో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకే మెసేజ్ తిరుగుతుంది. పాత బట్టలు మంటల్లో వేయకండి, వాచ్‌మన్ గది దగ్గర సంచులు పెట్టాం, వాటిలో వేస్తే లేనివాళ్ళకి చేరుస్తాం అని. కాల్చొద్దన్న మాటతో నాకు పేచీ లేదు. 2018 భోగినాడు పొగా మంచూ కలిసి మీనంబాక్కంలో విమానాలు దిగలేకపోయిన సంగతి ఇక్కడున్నవాళ్ళకి బాగానే గుర్తుంటుంది. నా పేచీ ఆ మెసేజ్ రెండో సగంతో.

ఈ ఏడు ఆ సంచులు సర్ది మూతులు కట్టే పని నా మీద పడింది. ఒక్కొక్కటే తీసి మడతపెడుతుంటే అర్థమైంది, చిరిగినవి బహు తక్కువ. కుట్లు గట్టిగా ఉన్నాయి. గుండీలు ఉన్నాయి. మోచేతుల దగ్గర కూడా నూలు పలచబడలేదు. కానీ అన్నీ వెలిసిపోయినవే. తిరగేయకుండా ఎండలో ఆరేయడంతో భుజాలు తెల్లబడ్డ చొక్కాలు, చంకల దగ్గర చెమటకి రంగు మారిన కుర్తీలు, ఒకప్పుడు మెరూన్ అయ్యుండి ఇప్పుడు ఏ రంగో చెప్పలేని దుపట్టాలు. బట్ట బతికే ఉంది, రంగు పోయింది. రంగు పోయినందుకే దాన్ని ఇంట్లోంచి పంపించేశారు.

మా బిల్డింగులో కొన్ని ఇళ్ళల్లో పనిచేసే ఆమె పక్కనే నిలబడి చూస్తోంది. వాళ్ళ తాతలు నెల్లూరు వైపు నుంచి వ్యాసర్పాడి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, ఇంట్లో తెలుగే. "ఇవి ఎవరికిస్తారక్కా?" అని అడిగింది. లేనివాళ్ళకి అన్నాను. "లేనివాళ్ళంటే మేమే కదా. ఇస్తే తీసుకుంటాం. తీసుకుని నేల తుడుచుకుంటాం" అంది. గొంతులో కోపమేమీ లేదు. ఉన్న విషయం చెప్పింది.

## మెచ్చుకోలుతో పోయిన డ్రెస్

ఆ తర్వాత ఆమె చెప్పింది ఇంకో సంగతి. పై అంతస్తులో ఒకావిడ తన కూతురి పసుపు రంగు చుడీదార్ ఈమె కూతురికి ఇచ్చింది. మంచి నేతబట్ట, కాస్త వెలిసింది, అంతే. పిల్ల సంతోషంగా ట్యూషన్‌కి వేసుకెళ్ళింది. ఆ ట్యూషన్‌కే పై అంతస్తు అమ్మాయి కూడా వస్తుంది. చూసి, నలుగురి ముందూ, "ఇది నాదే కదా, నీకు భలే బాగుంది" అంది. పాపం, ఆ అమ్మాయి మనసులో కల్మషం లేదు. నిజంగానే మెచ్చుకుంది. కానీ ఈ పిల్ల ఇంటికొచ్చి ఆ డ్రెస్ విప్పి పెట్టెలో అడుగున పడేసింది. మళ్ళీ తొడుక్కోలేదు.

ఈ మాట విన్నాక పాత బట్టలివ్వడం గురించి నేననుకునేవి చాలా కదిలిపోయాయి. శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి, చిరగనివే ఇస్తే గౌరవంగా ఇచ్చినట్టే అనుకునేదాన్ని. కానీ ఆ పిల్లకి ఇబ్బంది మురికితో కాదు, చిరుగుతో కాదు. బట్ట మీద ఇచ్చినవాళ్ళ గుర్తు ఉంది. ఒకే వీధిలో, ఒకే ట్యూషన్‌లో తిరిగే పిల్లలకి ఆ పసుపు రంగు ఒక పేరులాగా పనిచేసింది.

అందుకే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత నూలు బట్ట ఇంకొకరికి ఇవ్వాలనుకుంటే, ఇచ్చే ముందు దానికి రంగు వేద్దాం. వేసే ముందు తీసుకునేవాళ్ళని అడుగుదాం, ఏ రంగు కావాలని. కొత్త బట్టల షాపులో మనల్ని అందరూ అడిగే మొదటి ప్రశ్న అది. పాత బట్టలు తీసుకునేవాళ్ళని ఆ ప్రశ్న అడిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

ఇంట్లో రంగులు వేయడం నాకు అప్పటికే అలవాటు. మా పిన్ని కూతుళ్ళు వదిలేసిన కుర్తీలు, మావారి పాత ఖాదీ చొక్కాలు బకెట్లో ముంచి ముదురు రంగులు చేసుకుని వాడుతున్నాను. కాబట్టి ఆ పసుపు చుడీదార్ తెమ్మన్నాను. ఏ రంగు కావాలో అమ్మాయిని అడిగి రమ్మన్నాను. ఆమె ఒక క్షణం నా మొహంలోకి చూసింది. మర్నాడు జవాబు వచ్చింది: నేవీ బ్లూ.

పసుపు మీద నీలం వేస్తే నీలం రాదు. రంగు అడుగున ఉన్నదాన్ని కప్పేయదు, దానితో కలుస్తుంది. పాత పసుపు ఎంత వెలిసినా నీలంతో కలిసి ముదురాకుపచ్చ అవుతుంది. ఈ మాటే చెప్పి పంపాను. అమ్మాయి బాగా ఆలోచించుకుని సరేనంది, కాకపోతే "బాగా డార్క్‌గా ఉండాలి, స్కూల్ యూనిఫారం లాగా ఉండకూడదు" అని షరతు పెట్టింది. ఆ షరతు విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంత అని చెప్పలేను. దానం తీసుకునేవాళ్ళు షరతులు పెట్టరు. బట్ట కొనుక్కునేవాళ్ళు, కుట్టించుకునేవాళ్ళు పెడతారు.

## పట్టుచీరకి లేని సిగ్గు

మనకి రంగు మార్చుకోవడం కొత్తేమీ కాదు. వెలిసిన పట్టుచీరకి రంగు మార్చి, పాలిష్ పట్టి, రోలింగ్ చేసి ఇచ్చే దుకాణాలు చెన్నైలో ఇప్పటికీ ఉన్నాయి. అమ్మ ఆకుపచ్చ పెళ్ళిచీరని వంకాయ రంగులోకి మార్పించుకుని, అన్నదమ్ముల పెళ్ళిళ్ళకి గర్వంగా కట్టుకునే ఆడవాళ్ళు నా చుట్టాల్లోనే ఉన్నారు. పట్టుకి మర్యాద. నూలుకి మాత్రం వెలిసిందంటే వాకిలి తుడిచే గుడ్డ అయ్యే యోగమే.

ఆ మాటకొస్తే ఈ ఊరు పుట్టిందే బట్ట మీద. మాకు దగ్గర్లోనే ఉన్న వాషర్‌మన్‌పేట, ఈస్టిండియా కంపెనీ ఓడలకెక్కించే బట్టని ఉతికి తెల్లబరిచేవాళ్ళ పేట. చింతాద్రిపేట 1734లో కంపెనీ నేతగాళ్ళ కోసం కట్టించిన ఊరు. కోరమాండల్ తీరం ఎరుపంటే అప్పట్లో దేశదేశాల్లో పేరు, ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి తీసిన ఎరుపు అది. మన మచిలీపట్నం అద్దకాలకీ అదే. రంగు పోని బట్ట అన్న పేరుకే అంత ధర పలికింది.

విచిత్రమేమిటంటే, రంగు పోయే బట్టకి కూడా మద్రాసు పేరుతోనే ఒక కాలంలో గిరాకీ వచ్చింది. 1960లలో అమెరికాలో బ్లీడింగ్ మద్రాస్ అని ఒక గళ్ళ బట్ట ఫ్యాషన్. ఉతికిన ప్రతిసారీ రంగులు ఒకదాంట్లోకి ఒకటి దిగి వెలుస్తాయి, అదే దాని గొప్ప అని అమ్మారు. కాలేజీ కుర్రాళ్ళు కావాలని కొనుక్కున్నారు. ఇప్పుడు జీన్స్ సంగతీ అంతే, ముందే వెలిసిపోయినట్టు చేసినదానికి ఎక్కువ డబ్బు పెడుతున్నాం. అంటే వెలిసిన రంగులో అవమానమేమీ లేదు. ఎవరి ఒంటి మీద వెలిసిందన్నదాన్ని బట్టి అది ఫ్యాషనో, పేదరికమో అవుతుంది. కొనుక్కోగలిగినవాడు వెలిసిన చొక్కా వేసుకుంటే అతని ఇష్టం అంటాం. పనిమనిషి కూతురు వేసుకుంటే ఎవరిచ్చారో అంటాం.

## బకెట్లో జరిగేది

నాకు తెలిసినంతవరకూ ఇంట్లో నూలు బట్టకి నమ్మదగ్గది రియాక్టివ్ రంగే. 1956లో మార్కెట్లోకి వచ్చిన జాతి ఇది. మిగతా రంగులు నూలుని అంటిపెట్టుకుని ఉంటే ఇది నూలుతో రసాయనికంగా బంధం కట్టుకుంటుంది, కాబట్టి ఉతుకులకి తట్టుకుంటుంది. పొయ్యి మీద మరిగించక్కర్లేదు. ఇందులో చన్నీళ్ళ రకానికి మన మధ్యాహ్నపు ట్యాంకు నీళ్ళ వేడి చాలు. చిన్న ప్యాకెట్లలో అమ్మే మరిగించే రంగులు వాడి చూసినవాళ్ళు "ఇంటి రంగు నాలుగు ఉతుకులకి దిగిపోతుంది" అంటారు. వాటి విషయంలో అది నిజమే.

బట్టని ముందు బాగా ఉతకాలి. నూనె మరక మీద రంగు పట్టదు, అక్కడ మచ్చ అలాగే తేలుతుంది. పొడి బట్ట బరువు తూచి, మామూలు రంగుకి దానిలో నూటికి రెండు నుంచి నాలుగు వంతులు, నలుపుకైతే అంతకు రెట్టింపు రంగుపొడి. ఉప్పు లీటరుకి 50 గ్రాముల దాకా. ఉప్పు రంగుని నీళ్ళలోంచి నూలు వైపుకి తోస్తుంది. కాసేపు కలియబెట్టాక సోడా యాష్ వేయాలి, అదే బట్టలుతికే వాషింగ్ సోడా, వంట సోడా కాదు. బంధం పడేది ఆ సోడా వేశాకే. గంట సేపు వదలకుండా తిప్పాలి, తిప్పడం మానితే మచ్చలు మచ్చలుగా పడుతుంది. తర్వాత చన్నీళ్ళలో జాడించి, వేడినీళ్ళలో సబ్బుతో ఉతికితే అంటని రంగు దిగిపోతుంది. ఈ చివరి వేడినీళ్ళ ఉతుకు బద్ధకించి వదిలేసినవాళ్ళకే తర్వాత పక్క బట్టలకి రంగు అంటుకుంటుంది.

చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్కు తప్పనిసరి. పొడిగా ఉన్నప్పుడు ఈ రంగు ఊపిరితిత్తులకి మంచిది కాదు, కొందరికి ఎలర్జీ తెస్తుంది. వంటగిన్నెలు ఈ పనికి వాడకూడదు. పిల్లలున్న ఇల్లయితే మేడమీదే మంచిది.

చెన్నైలో అసలు చిక్కు నీళ్ళు. మా బోరు నీళ్ళలో సబ్బు నురగే సరిగా రాదు. నీళ్ళలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం సోడాతో కలిసి సున్నంలాగా తేలి బట్ట మీద పేరుకుంటాయి, రంగు మసగ్గా వస్తుంది. దీనికి నాకు దొరికిన ఉపాయం ఏసీ నీళ్ళు. ఏసీ పైపు నుంచి కారేది గాలిలో తేమ చల్లబడి అయిన నీరే, అందులో ఉప్పులు దాదాపు ఉండవు. ఎండాకాలంలో ఒక రాత్రికే బకెట్ నిండుతుంది. రంగు కలపడానికి అవి, జాడించడానికి బోరు నీళ్ళు. వానాకాలంలో అయితే మేడ మీద పడ్డ వాననీళ్ళు ఇంకా మేలు.

ఇదంతా నూలుకి, రేయాన్‌కి, లినెన్‌కి. పాలియెస్టర్‌కి పనికిరాదు. దానికి ఫ్యాక్టరీల్లో 130 డిగ్రీల వేడి, ప్రెషర్ పెట్టి రంగెక్కిస్తారు, మన బకెట్ దానికేం చేయలేదు. అమ్మేవాళ్ళు అన్నిటినీ కాటన్ అనే అమ్ముతారు కాబట్టి లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడాలి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే నూలు. కరిగి గట్టి ఉండ కడితే పాలియెస్టర్. మా భోగి సంచుల్లో ఈ పరీక్షకి నిలవనివి చాలానే ఉన్నాయి. వాటికి నా దగ్గర జవాబు లేదు.

## నొయ్యల్ సంగతి ఏమిటి?

మా తమ్ముడు వేసిన ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. "తిరుప్పూరు అద్దకం యూనిట్లని కోర్టు మూయించింది కదక్కా, నువ్వు మేడమీద చేసేది అదే కదా?"

2011 జనవరిలో మద్రాసు హైకోర్టు, మురుగుని పూర్తిగా శుద్ధి చేసుకోని తిరుప్పూరు అద్దకం యూనిట్లని మూయమంది. నొయ్యల్ నది అప్పటికే రంగునీళ్ళతో, అంతకంటే ఎక్కువగా ఉప్పుతో పాడైంది. ఒరత్తుపాళయం డ్యామ్ సాగుకని కట్టి, చివరికి కలుషితమైన నీళ్ళు నిలిచే చోటైంది. నేను బకెట్లో వేసేదీ ఆ ఉప్పే, ఆ సోడానే. వేసిన రంగంతా బట్టకి పట్టదు, కొంత నీళ్ళలోనే మిగిలి కాలవలోకి పోతుంది. మా వైపు మురుగు కొడుంగయ్యూరు ప్లాంటుకి వెళ్తుంది. మామూలు శుద్ధిలో మలినాలు చాలావరకూ పోతాయి గానీ ఉప్పు పోదు.

కాబట్టి ఇంట్లో రంగు వేయడం పర్యావరణానికి మేలు అని నేను కళ్ళు మూసుకుని అనను. కానీ రెండో వైపూ చూడాలి. ఉత్తర చెన్నై చెత్త పోయేది కూడా కొడుంగయ్యూరుకే. వెలిసిన కుర్తీతో నేల తుడిచి, పారేస్తే ఆ గుట్ట మీదికే చేరుతుంది. దాని బదులు కొన్న కొత్త నూలు చొక్కా వెనక, పత్తి పంటతో కలిపి, 2,700 లీటర్ల నీళ్ళున్నాయని తరచూ చెప్పే లెక్క. ఆ కొత్తదానికీ ఎక్కడో ఒక ఊళ్ళో రంగు వేసే ఉంటారు, ఆ ఊరి కాలవలోకి ఉప్పు వెళ్ళే ఉంటుంది. మన కళ్ళెదుట జరగదు, అంతే. నా బకెట్లో మిగిలిన రంగునీళ్ళు చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది. షాపులో చొక్కా కొన్నప్పుడు బరువెక్కలేదు. బరువెక్కాల్సింది రెండు చోట్లా.

ఆ ప్రశ్న వల్ల నా పద్ధతి మాత్రం మారింది. సోడా వేశాక రియాక్టివ్ రంగు నీళ్ళలో ఉండి కొన్ని గంటల్లో చచ్చిపోతుంది, రేపటికి దాచుకోలేం. అలాంటప్పుడు ఒక్క కుర్తీ కోసం ఒక బకెట్ కలపడం దుబారా. ఇప్పుడు ఒకే రంగు కోరినవాళ్ళ బట్టలన్నీ జమయ్యేదాకా ఆగుతాను. బిల్డింగులో మరో ఇద్దరు చేతులు కలిపారు. నీలం కోరినవాళ్ళంతా ఒక ఆదివారం, మెరూన్ కోరినవాళ్ళంతా ఇంకో ఆదివారం. 2019 జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో తాగునీళ్ళు తెప్పించుకున్న ఊరిది. బిందెడు నీళ్ళ కోసం లైన్లో నిలబడ్డవాళ్ళం, సరదాకి పది షేడ్లు చేసుకునే హక్కు మనకి లేదు.

## కట్టి విడిచినవి

మా పెద్దమ్మ అభ్యంతరం వేరు. "ఎవరు కట్టి విడిచినవో, పోయినవాళ్ళవో ఏమో, ఇంట్లోకి ఎలా తెస్తావే?" అంటుంది. అమ్మమ్మ పట్టుచీర నువ్వు కట్టుకోలేదా అంటే, "అది మనింటిది" అంటుంది. అంటే ఒకరు కట్టడం తప్పు కాదు, తెలియనివాళ్ళు కట్టడం తప్పు. ఆ తెలియనివాళ్ళు ఎవరన్న అనుమానంలో కులం కూడా ఉంది, వర్గం కూడా ఉంది. పెద్దమ్మతో ఆ మాట నేను గట్టిగానే అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. కానీ కొత్త బట్టకి అంచున పసుపు రాసే అలవాటు ఆవిడదే కదా, నేను రంగు వేసి ఆరేసిన కుర్తీకి ఒక మూల పసుపు రాసి "సరే, ఇప్పుడు వేసుకో" అంది. ఆవిడ లెక్కలో అది కొత్త బట్ట అయింది. నాకు అది చాలు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మావారిది. టి.నగర్ రంగనాథన్ వీధిలో రెండు మూడు వందలకి కొత్త కుర్తీ వస్తుంది, ఆ డబ్బే ఇచ్చెయ్యొచ్చు కదా, ఆమెకి కావలసింది ఆమె కొనుక్కుంటుంది అంటారు. ఆ ధరకి వచ్చే పలచటి రేయాన్ ఎన్ని ఉతుకులుంటుందో, ఈ పాత నేతబట్ట ఎన్నాళ్ళుంటుందో నేను పోల్చి చెప్పగలను. కానీ ఆయన ప్రశ్న ధర గురించి కాదు, ఎంపిక ఎవరిదన్నది. అక్కడ ఆయనదే సరి. దీపావళి బోనస్‌కి బదులుగా, జీతం పెంచడానికి బదులుగా పాత బట్టలు చేతిలో పెట్టడం చాలా ఇళ్ళల్లో మామూలే. రంగు వేసినా వేయకపోయినా అది తప్పే. ముందు డబ్బు, తర్వాతే బట్ట. ఆమె కూడా అదే అంది: "పండక్కి కొత్తదే కావాలక్కా. ఇవి రోజూ కట్టుకోడానికి." ఈ తేడా ఆమె మనసులో అంత స్పష్టంగా ఉన్నప్పుడు ఆమె తరఫున నేను చర్చ పెట్టుకోవడం అనవసరం.

ఇంకో సందేహం మిగిలి ఉంది. నూలు బట్టనైనా ఇప్పుడు కుట్టేది చాలావరకూ పాలియెస్టర్ దారంతోనే. బట్ట ముదురాకుపచ్చ అయినా ఆ చుడీదార్ మెడ చుట్టూ, చేతుల అంచులకీ పసుపు కుట్లు అలాగే మిగిలాయి. చూడగలిగినవాళ్ళకి పాతదన్న సంగతి తెలిసిపోతుంది. ఆ కుట్లు విప్పి మళ్ళీ కుట్టిద్దామా అని అడిగాను. అమ్మాయి వద్దంది, కావాలని పెట్టిన డిజైన్‌లాగా ఉందంది. ట్యూషన్‌కి వేసుకెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదట.

ఇప్పుడు ఆ అమ్మాయి ఇంకో రెండు టాప్‌లు పంపింది, ఒక గులాబీ, ఒక లేత నీలం. రెండూ నలుపు కావాలట. కాలేజీలో చేరబోతోంది, నల్లవి అన్నిటికీ మ్యాచ్ అవుతాయంది. వాళ్ళమ్మకి ఇష్టం లేదు, పెళ్ళి కావలసిన పిల్ల నలుపేమిటని. నేను అమ్మాయి వైపే ఉన్నాను. నలుపుకి పొడి రెట్టింపు పడుతుంది, జాడించే నీళ్ళూ ఎక్కువ కావాలి, కాబట్టి నలుపు కోరేవాళ్ళు ఇంకొందరు జమయ్యేదాకా ఆగాలని చెప్పాను. వాచ్‌మన్ తన రెండు ప్యాంట్లు ఇస్తానన్నాడు. ఇంకో నాలుగు బట్టలొస్తే మొదలుపెడతాం.